క్లబ్ కార్డు ఉంది.. తవ్వే చోటే పోతోంది! అమెరికాలో సరదా బంగారం వేటకు ఎందుకీ చిక్కులు?

వీకెండ్ వస్తే చాలు.. పార, బకెట్, పళ్లెం కారులో వేసుకుని వాగుల దగ్గరికి వెళ్తారు. గంటల కొద్దీ ఇసుక కడుగుతారు. రవ్వంత బంగారం దొరికినా సంబరమే! అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో చాలామందికి ఇదో హాబీ. వీళ్లలో ఎక్కువమందికి సొంత గనులేమీ ఉండవు. ఏదో ఒక క్లబ్‌లో సభ్యత్వం తీసుకుని, ఆ క్లబ్ పేరు మీదున్న క్లెయిమ్‌లో తవ్వుకుంటారు. క్లబ్ చేతిలోంచి ఆ క్లెయిమ్ పోతే మాత్రం సభ్యత్వ కార్డు ఉన్నా లాభం లేదు. మరి క్లెయిమ్‌లు ఎందుకు పోతాయి? పోతే ఏమవుతుంది?

అసలేంటీ క్లెయిమ్?

1848 జనవరిలో కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర బంగారం కనబడింది. దాంతో లక్షల మంది అటు పరుగులు తీశారు. ఆ తర్వాత 1872 మే 10న అమెరికా ప్రభుత్వం గనుల చట్టం తెచ్చింది. నేటికీ నడుస్తున్నది ఆ చట్టమే. దీని ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో ఖనిజం దొరికిన చోట హద్దులు పాతి, రిజిస్టర్ చేయించుకుంటే అది క్లెయిమ్ అవుతుంది. వాగు ఇసుకలో దొరికే బంగారానికి ఒక్కొక్కరికి 20 ఎకరాల వరకు ఇస్తారు. 8 మంది కలిస్తే 160 ఎకరాల దాకా ఒకే క్లెయిమ్ వేసుకోవచ్చు. 1968లో మొదలైన గోల్డ్ ప్రాస్పెక్టర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా లాంటి సంఘాలు తమ క్లెయిమ్‌లలో సభ్యులను తవ్వుకోనిస్తాయి.

ఇక్కడో కీలకమైన పాయింట్ ఉంది. భూమి మాత్రం ప్రభుత్వానిదే. క్లెయిమ్‌దారుకు దక్కేది ఖనిజం మీద హక్కు ఒక్కటే. ఒకప్పుడు ఆ భూమిని పూర్తిగా సొంతం చేసుకునే వీలుండేది. 1994 అక్టోబర్ నుంచి అందుకు కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. అంటే క్లబ్‌లు ఏటేటా తమ హక్కును నిలబెట్టుకుంటూ ఉండాల్సిందే.

సెప్టెంబర్ 1 దాటితే అంతే!

క్లెయిమ్ నిలవాలంటే ఏటా సెప్టెంబర్ 1లోగా బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌కు ఫీజు కట్టాలి. కట్టకపోతే క్లెయిమ్ రద్దయినట్టే. మర్చిపోయామంటే కుదరదు.

క్లబ్‌లకు గట్టి దెబ్బ తగిలింది 2012లో. అంతకుముందు 160 ఎకరాల క్లెయిమ్ అయినా ఒక్క ఫీజే. కొత్త రూల్‌తో ఇలాంటి ఇసుక క్లెయిమ్‌లకు ప్రతి 20 ఎకరాలకూ విడిగా కట్టాల్సి వచ్చింది. 140 డాలర్లతో సరిపోయేది కాస్తా 1,120 డాలర్లకు చేరింది. 2024లో ఫీజును 200 డాలర్లకు పెంచారు. ఇప్పుడు అదే క్లెయిమ్‌కు ఏడాదికి 1,600 డాలర్లు!

చిన్న గనిదారులకు ఫీజు మినహాయింపు ఉంది. 10 లేదా అంతకన్నా తక్కువ క్లెయిమ్‌లు ఉన్నవాళ్లు ఒక్కో దానిపై ఏటా 100 డాలర్ల విలువైన పని చేసి, కాగితాలు ఇస్తే చాలు. కానీ పదికి మించి ఉన్న పెద్ద క్లబ్‌లకు ఆ వీలు లేదు.

పోయింది మళ్లీ వస్తుందా?

రద్దయిన చోట ఎవరైనా కొత్తగా క్లెయిమ్ వేసుకోవచ్చు. ముందు ఎవరు వేస్తే వాళ్లదే. ఆ సంగతి తెలియక పాత సభ్యులు వెళ్లి తవ్వితే.. వేరేవాళ్ల ఖనిజాన్ని తీసినట్టు లెక్క!

ఇంకో ముప్పు కూడా ఉంది. 1976 చట్టం ప్రకారం కొన్ని ప్రాంతాల్లో కొత్త క్లెయిమ్‌లను ప్రభుత్వం 20 ఏళ్ల వరకు ఆపేయొచ్చు. 2017 జనవరిలో నైరుతి ఓరెగాన్‌లో దాదాపు లక్ష ఎకరాలను ఇలాగే మూసేశారు. అలాంటి చోట పాత క్లెయిమ్ ఉంటే నిలుస్తుంది. ఒక్కసారి పోయిందా, ఆ గడువు తీరేదాకా తిరిగి వేసుకోవడానికి దారే లేదు.

పైగా మూసిన ప్రాంతంలో పాత క్లెయిమ్ నిలవాలన్నా అక్కడ నిజంగా లాభసాటి ఖనిజం ఉందని చూపించాలి. సరదాగా రేణువులు ఏరుకునే చోట ఇది తేలిక కాదు.

క్లెయిమ్ ఉన్నా మోటార్ పెట్టొద్దు!

కొన్నిచోట్ల క్లెయిమ్ పోలేదు, తవ్వే పద్ధతే పోయింది. నది అడుగు నుంచి ఇసుక, గులకరాళ్లను పైపుతో పీల్చే యంత్రాన్ని సక్షన్ డ్రెడ్జ్ అంటారు. 2009 ఆగస్టులో కాలిఫోర్నియా వీటిని ఆపేసింది. ఫెడరల్ చట్టం ఉండగా రాష్ట్రం ఎలా ఆపుతుందని గనిదారులు వాదించారు. ఆపొచ్చని 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఓరెగాన్ కూడా సాల్మన్ చేపలకు కీలకమైన నదుల్లో మోటార్ తవ్వకాలను నిషేధిస్తూ 2017లో చట్టం చేసింది.

అవతలి వాదనలోనూ బలముంది. నది అడుగును కదిలిస్తే సాల్మన్ గుడ్లు పెట్టే గులకనేల చెదురుతుంది. గోల్డ్ రష్ కాలం నాటి పాదరసం పైకి తేలుతుంది. క్లామత్ నది చేపలే ఆధారంగా బతికిన కరుక్ తెగ దీనిపై కోర్టుకెక్కింది. అంతరించే ముప్పున్న చేపలు ఉన్నచోట, చేపల రక్షణ సంస్థలను సంప్రదించకుండా ఇలాంటి తవ్వకాలను అటవీశాఖ అనుమతించకూడదని 2012లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. డ్రెడ్జ్‌లు పాత పాదరసాన్ని, సీసాన్ని బయటకు తీసి నదికి మేలే చేస్తాయన్నది గనిదారుల మాట.

అక్కడి తెలుగువాళ్లు వేసుకోవచ్చా?

క్లెయిమ్ వేసే హక్కు అమెరికా పౌరులకు, పౌరసత్వం తీసుకుంటామని చట్టప్రకారం డిక్లరేషన్ ఇచ్చినవాళ్లకు, అక్కడ ఏర్పాటైన సంస్థలకే ఉంది. హెచ్-1బీ వీసా ఒక్కటే ఉంటే సొంత పేరుతో వేయడం కుదరదు.

వెళ్లేముందు ఇవి చూసుకోవాలి

* ఆ క్లెయిమ్‌కు ఈ ఏడాది ఫీజు కట్టారా, లేక మినహాయింపు కాగితాలు ఇచ్చారా? బ్యూరో ఆన్‌లైన్ రికార్డుల్లో నంబర్ కొడితే తెలుస్తుంది.
* హద్దు గుర్తులు ఎక్కడున్నాయి? క్లబ్ ఇచ్చిన మ్యాప్ పాతదైతే నమ్మొద్దు.
* ఆ నదిలో ఏ పనిముట్లకు అనుమతి ఉంది? ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ముఖ్యంగా సెప్టెంబర్ 1 దాటాక మొదటిసారి వెళ్తుంటే, పాత జాబితాను చూసి బయల్దేరొద్దు. పోయిన ఏడాది క్లబ్‌ది అయిన చోటు ఈ ఏడాది ఇంకొకరిది కావొచ్చు.