నేలక్రింది తొట్టి, నేలక్రింది నీరు



అమరసింహుడు నీటికి చెప్పిన పేళ్లలో అమృతము, జీవనము అనునవి కలవు. సంస్కృత నిఘంటువులలోనే విషశబ్దమునకు నీరను అర్థమును కలదు. బాల్యమున మా గురువుగారు ఈ సంగతి చెప్పినప్పుడు, ఒకే వస్తువునకు రెండు పేళ్లు ఎట్లు తగునని నాకు సందేహము కలిగెను. దానిని మా పెరటిబావి తీర్చినది. ఒకనాటి రాత్రి నీళ్లు తోడుచుండగా నా చేతిలోని లాంతరు జారి బావిలో పడెను. అందున్న కిరసనాయిలు గిద్దెడైన నుండదు. అయినను చాల దినములు ఆ నీరు నోట బెట్టుటకు వీలు లేకపోయెను. మా తల్లిగారు బిందె చంకనెత్తుకొని పొరుగువారి బావికి పోవుచుండగా చూచి నేను సిగ్గుతో తల వంచుకొంటిని.

గిద్దెడు నూనె చేసిన పని ఇది. వేలకొలది గ్యాలనుల పెట్రోలు పట్టు తొట్టి నేలక్రింద చిల్లిపడినచో నేమగును? అమెరికా దేశపు చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది.

1885లో ఇండియానా రాష్ట్రమందలి ఫోర్ట్ వేన్ పట్టణమున సిల్వేనస్ బౌజరను నతడు కిరసనాయిలు తోడి పోయు పంపును నిర్మించెను. మోటారు బండ్లు వచ్చిన పిమ్మట అట్టి పంపులే పెట్రోలునకును ఉపయోగపడినవి. పెట్రోలు నిప్పునకు చుట్టము గనుక తొట్టిని నేలలో పాతిపెట్టుట క్షేమమని తలచిరి. అగ్నిభయము తగ్గిన మాట నిజమే. గాని కంటికి కనబడని చోట మఱియొక భయము పుట్టెను. రక్షణ లేని ఉక్కుతొట్లు తడినేలలో ఏండ్లకొలది యుండి తుప్పుపట్టి, సూదిబెజ్జములు పడినవి. బొట్టుబొట్టుగా కారునది బంకు యజమాని లెక్కలో తేలదు.

పెట్రోలు నీటికంటె తేలిక. అది మట్టిపొరలగుండ దిగి, ఊటమట్టమును చేరి, తెట్టువలె తేలును. అందలి బెంజీను మొదలగు ద్రవ్యములు కొంత కరగి, ఊట పోవు దిక్కునకే పోవును. బెంజీను రక్తమునకు కాన్సరు కలిగించునది. కావున అమెరికాలో త్రాగునీట అది లీటరునకు 5 మైక్రోగ్రాములకు మించరాదని నియమము.

1984లో ఆ దేశపు కాంగ్రెసు నేలక్రింది తొట్లను గూర్చి చట్టము చేసెను. 1986లో గ్యాలను ఒకటికి సెంటులో పదవవంతు పన్ను విధించి, శుద్ధికార్యమునకు నిధి నేర్పరచిరి. 1988లో నిబంధనలు వెలువడినవి. పాత తొట్లకు తుప్పు పట్టకుండ రక్షణ కల్పింపవలెను. కానిచో మార్పవలెను, లేదా మూసివేయవలెను. దీనికి 1998 డిసెంబరు 22 వఱకు గడువు. ఈ విచారణ ఆరంభమైన పిమ్మట బయలుపడిన కారుడులు 5 లక్షలకు మించినవి. వానిలో హెచ్చుపాలు నేటికి శుద్ధి చేయబడినవి.

వీనిలో కాలిఫోర్నియా యందలి సాంటా మోనికా నగరపు కథ మనము ముఖ్యముగా తెలిసికొనదగినది. పెట్రోలులో సీసమునకు బదులుగా 1979 మొదలు ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యమును కలుపసాగిరి. ఇంధనము చక్కగా కాలి, గాలి శుభ్రపడవలెనని 1990 తర్వాత దానిని మఱింత వాడిరి. ఉద్దేశము మంచిదే. గాని ఆ ద్రవ్యము నీటిలో సులభముగా కరగును, ఊటతో దూరము పోవును, త్వరగా నశింపదు, కొంచెమున్నను నీటికి చెడురుచి కలిగించును. 1996 నాటికి ఆ నగరము తన బావులను మూసికొనవలసి వచ్చెను. త్రాగునీటిలో సుమారు సగము పోయెను. సముద్రపుటొడ్డున నున్న ఆ నగరము బయటినుండి నీరు కొనుక్కొనెను. నష్టపరిహారపు వ్యాజ్యములు నడచినవి. ఆ బావుల నీటిని శుద్ధిచేసి మరల వాడుకొనుటకు సుమారు 15 ఏండ్లు పట్టెను. 1999లో ఆ రాష్ట్రపు గవర్నరు గ్రే డేవిస్ ఎం.టి.బి.ఇ. వాడుక మానిపింప ఉత్తరువు చేసెను. గాలికి చేసిన మందు నీటికి విషమైనది.

శుద్ధి చేయు విధము క్లుప్తముగా చెప్పెదను. ముందు బంకు చుట్టును సన్నని పరీక్షబావులు త్రవ్వుదురు. వానిలోని నీటిమట్టములను పోల్చి ఊట ఏ దిక్కునకు పోవుచున్నదో కనుగొందురు. గడువు ప్రకారము నీరు తీసి పరీక్షింతురు. పైన తేలిన నూనెను తోడివేయుదురు. మట్టిలోని ఆవిరిని గొట్టములతో పీల్చుదురు. చెడిన నీటిని ప్రత్యేకముగా సిద్ధపరచిన బొగ్గుగుండ పోనిత్తురు. మంటిలోని సూక్ష్మజీవులు బెంజీను వంటి వానిని తినివేయును గనుక వానికి గాలి నందింతురు. ఇంత చేసినను నేల తేరుకొనుటకు ఏండ్లు పట్టును. దీనికంటె, రెండు గోడల తొట్టిని పెట్టి, గోడల నడుమ తడి చేరగానే తెలుపు యంత్రము నమర్చుట ఎంతయో సులభము.

మన ఊళ్లలోను పెట్రోలు బంకునకు సమీపముననే బోరుబావులుండుట కలదు. బావినీట నూనె వాసన వచ్చినచో, పోనిమ్మని ఊరకుండక, ఆ నీరు మాని, పరీక్ష చేయించుట గృహస్థుని విధి. కొలతకఱ్ఱతో తొట్టిలోని నూనెను దినదినము కొలిచి అమ్మకముతో సరిచూచుట బంకువాని విధి. మా బావిలోని లాంతరును మఱునాడే పైకి తీయగలిగితిమి. నేలలోనికి దిగిన పెట్రోలును అట్లు తీయుట సాధ్యము కాదు.