మట్టి పాలెంత, మసి పాలెంత

అనంతపురం సీమకు దుమ్ము కొత్త కాదు. నైరుతి రుతుపవనాలు వానను పడమటి కనుమల మీదే కుమ్మరించి, ఇక్కడికి గాలిని పంపుతాయి. ఏటా కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఆషాఢపు గాలికి వేరుశనగ చేల పైమట్టి లేచి పెనుకొండ కోటనూ హిందూపురం బజారునూ ధర్మవరం మగ్గాల ఇళ్లనూ సమానంగా కప్పుతుంది. కాబట్టి గాలి బాగాలేదంటే ఇక్కడ ఎవరి నోటైనా ముందు వచ్చే మాట ‘మట్టి’. ఆ మాటలో నిజమెంతో తేల్చగల శాస్త్రం పుట్టి యాభై ఏళ్లు దాటింది.

అంతకుముందు కాలుష్యాన్ని కొలవడమంటే ప్రధానంగా తూకం వేయడమే. 1952 డిసెంబరులో లండన్‌ను ముంచిన పొగమంచుకు కారణం వెతకడం పెద్ద పని కాలేదు. ఇంటింటా బొగ్గు పొయ్యి కనిపిస్తూనే ఉంది. కాలిఫోర్నియాలో అలా కుదరలేదు. 1972లో మిల్లర్, ఫ్రీడ్‌లాండర్, హైడీ పాసడీనా గాలిలోని కణాలను మూలకాలవారీగా లెక్కగట్టారు. అల్యూమినియం మట్టికి ఆనవాలు, సోడియం సముద్రపు ఉప్పుకు, సీసం ఆనాటి పెట్రోలుకు, వనేడియం ఇంధన నూనెకు. మరుసటి ఏడాది ఫ్రీడ్‌లాండర్ ఈ లెక్కకు సిద్ధాంతరూపం ఇచ్చాడు. ఇప్పుడు ‘కెమికల్ మాస్ బ్యాలెన్స్’ అంటున్నది దాని సంతానమే. 2000లో మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. జనానికి మేలు జరిగింది, పరిశోధకుడికి మాత్రం ఒక చక్కని ఆనవాలు పోయింది.

తెలుగు నేల మీద ఈ పద్ధతికి గట్టి ఉదాహరణ హైదరాబాదు. సుప్రీంకోర్టు ఆదేశం నేపథ్యంలో 2005లో మొదలైన అధ్యయనంలో పంజాగుట్ట, చిక్కడపల్లి, కేంద్రీయ విశ్వవిద్యాలయం వద్ద మూడు రుతువుల్లో 180 నమూనాలు సేకరించారు. శరత్ గుత్తికుండ, సహపరిశోధకులు 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పది మైక్రాన్ల లోపు కణాల్లో (పీఎం 10) వాహనాల పొగ, రోడ్డు దుమ్ము కలిపి 60 శాతం పైచిలుకు. ఊపిరితిత్తుల లోతుకు దిగే, 2.5 మైక్రాన్ల లోపు కణాల (పీఎం 2.5) కథ వేరు: అందులో వాహనాల పొగతోపాటు పరిశ్రమల బొగ్గు, చెత్త మంటలు, గాలిలోనే వాయువుల నుంచి పుట్టే కణాలు ఉన్నాయి. ఒకే గాలి, రెండు జల్లెడలు, రెండు తీర్పులు.

ధర్మవరానికి ఎంతో దూరం లేని అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం ఇస్రో కార్యక్రమాల్లో భాగంగా ఏళ్లుగా గాలిలోని కణాలను కొలుస్తోంది. అక్కడి మసి కొలతలు చెప్పేది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. మసి చలికాలంలో ఎక్కువ, వానాకాలంలో తక్కువ. రోజులో పొద్దున ఒకసారి, రాత్రి తొలిజాములో మరోసారి పెరుగుతుంది. అంటే, దుమ్ము కళ్లలో కొట్టే గాలికాలంలోనే మసి పలచబడుతుంది. గాలి కదలని చలి ఉదయాన, ఆకాశం తేటగా ఉన్నా, వాహనాల పొగా పొయ్యిల పొగా నేలను అంటుకునే ఉంటాయి. ఈ సీమలో కంటి సాక్ష్యం చెల్లదు.

మూడు పట్టణాల పొగ కూడా ఒక్కటి కాదు. హిందూపురంలో పట్టుగూళ్లు ఉడికించే రీలింగ్ బట్టీలు, తూముకుంట వైపు ఇనుము, ఉక్కు యూనిట్లు. ధర్మవరంలో పట్టు అద్దకానికి నీళ్లు కాచే పొయ్యిలు, రైల్వే జంక్షన్. పెనుకొండ పక్కనే 44వ జాతీయ రహదారి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ దారి మరింత రద్దీ అయింది. కట్టెల మంటకు పొటాషియం గుర్తు, ఉక్కు పనికి ఇనుము, మాంగనీసు. చిక్కేమిటంటే ఇనుము ఎర్రమట్టిలోనూ ఉంటుంది. చేను మట్టినీ రోడ్డు దుమ్మునూ విడదీయడం ఇంకా కష్టం. వేరే దేశపు గుర్తుల పట్టిక తెచ్చి ఇక్కడ అతికిస్తే లెక్క తప్పుతుంది. ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూరు నగరాల గాలి అధ్యయనం కోసం వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ వాహనాలకూ, ఐఐటీ బొంబాయి ఇతర మూలాలకూ మన పట్టికలను ప్రత్యేకంగా తయారుచేసింది ఇందుకే.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలు చేరాయి. అనంతపురం ఉంది, ఈ మూడూ లేవు. ఆ కార్యక్రమం నిధుల్లో 64 శాతం దుమ్ము అణచడానికే పోయిందని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) 2024లో లెక్క తేల్చింది. పీఎం 10 తూకంతో ఫలితం కొలిస్తే ఖర్చు మట్టి వైపే మొగ్గుతుంది. మసి తేలిక కాబట్టి తప్పించుకుంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలకు నీళ్లు చల్లే బండ్లకన్నా ముందు కావలసినవి గాలి నమూనాలు పట్టే ఫిల్టర్లు: ఊరికో చోట, కనీసం గాలికాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి. నమూనాల పరిశీలనకు విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉంది. జిల్లా యంత్రాంగం అడగడమే తరువాయి.