ఆరు నిమిషాల నడక పరీక్ష

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న మనిషి రోజువారీ శ్రమను ఎంతవరకు తట్టుకోగలడో చూసే తేలికపాటి పరీక్ష. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీతో శ్వాసనాళాలు ఎంత ఇరుకైందీ తెలుస్తుంది గానీ, ఆ మనిషి ఆగకుండా బస్టాండు దాకా నడవగలడా అన్నది తేలదు.

1976లో బ్రిటన్‌లో మెక్‌గావిన్ బృందం దీర్ఘకాలిక బ్రాంకైటిస్ రోగులను 12 నిమిషాలు నడిపించి చూసింది. 1982లో బట్‌లాండ్ బృందం రెండు, ఆరు నిమిషాల నడకలనూ దానితో పోల్చింది. వాటిలో ఆరు నిమిషాలదే వాడుకలో నిలిచింది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో దీనికి నియమాలు రాసింది.

కావలసింది 30 మీటర్ల చదునైన వరండా, గడియారం, పల్స్ ఆక్సీమీటర్. రోగి తన వేగంతో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడుస్తాడు, నడిచిన మొత్తం దూరాన్ని కొలుస్తారు. దమ్ము వస్తే నిలబడవచ్చు, గడియారం మాత్రం ఆపరు. పరీక్షించేవారు పక్కన నడవకూడదు, రోగి వేగం వారిని బట్టి మారిపోతుంది. ఆక్సిజన్, నాడి, సున్నా నుంచి పది దాకా ఆయాసం అంకె నడకకు ముందూ తర్వాతా రాస్తారు. ఛాతీనొప్పి వచ్చినా, ఆక్సిజన్ 80 శాతం కిందికి పడినా ఆపేస్తారు. ఇటీవలే గుండెపోటు వచ్చినవారికి చేయరు. వరండా లేనిచోట కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో లెక్కిస్తారు.

పాలమూరు ప్రాంతానికి ఈ పరీక్ష ఎంతో అవసరం. షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలో పలుగురాయిని పొడిచేసే మిల్లుల్లో పనిచేసినవారు సిలికోసిస్ బారిన పడ్డారు. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలు మందులతో మానవు. ఇలాంటి జబ్బులో కూర్చున్నప్పుడు సరిగానే కనిపించే ఆక్సిజన్ నడిస్తే పడిపోవచ్చు. కూర్చోబెట్టి చూసి పంపేస్తే ఆ లోపం బయటపడదు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు చిక్కు వేరు. ఫ్లోరోసిస్‌తో వెన్ను, మోకాళ్ళు బిగుసుకున్న మనిషి ఊపిరి బాగున్నా తక్కువ దూరమే నడుస్తాడు, కుర్చీలోంచి లేవలేడు. పక్కటెముకల కీళ్ళు బిగుసుకుంటే ఊపిరికీ అడ్డమే. అందుకే ఇంత దూరం నడవాలని విదేశీ సూత్రాలు చెప్పే అంచనాతో కన్నా, అదే మనిషి పాత నడకతో పోల్చడం మేలు. సుమారు 30 మీటర్ల తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా తీసుకోవచ్చు. పరీక్ష చేసేవారు దూరం ఒక్కటే రాసి ఊరుకోకుండా, రోగి ఆగింది కాళ్ళనొప్పితోనా ఆయాసంతోనా అన్నది కూడా చీటీలో రాయాలి.