జలెస్కీ: ‘స్థానిక’ బిషప్‌ల కోసం పట్టుబట్టిన పోపు ప్రతినిధి

లాడిస్లాస్ జలెస్కీ (1852–1925) నేటి లిథువేనియాలో, పోలిష్ కులీన కుటుంబంలో పుట్టిన కాథలిక్ మతాధికారి. 1892 నుంచి 1916 దాకా ఇండియా, సిలోన్‌లకు అపోస్టలిక్ డెలిగేట్. నన్షియోకు ఉండే దౌత్య హోదా ఈ పదవికి లేదు. డెలిగేట్ పని ప్రభుత్వంతో కాదు, స్థానిక చర్చితో. తీరిక వేళల్లో ఆయన మొక్కల బొమ్మలు వేలకొద్దీ గీశారు. 1916లో అంతియొకయ గౌరవ పాత్రియార్కు అయ్యారు. రోమ్‌లో మరణించారు.

బిషప్‌లుగా ఐరోపా మిషనరీలే ఉండే కాలంలో, ఇక్కడి గురువులను ఇక్కడే తయారుచేయాలని జలెస్కీ పట్టుబట్టారు. 1893లో క్యాండీలో పేపల్ సెమినరీ మొదలైంది (1955లో పుణెకు మారింది). 1896లో కేరళ సిరియన్ కాథలిక్కులకు ముగ్గురు స్థానిక బిషప్‌లు వచ్చారు. వారికి క్యాండీలో అభిషేకం చేసింది జలెస్కీయే.

చర్చి చరిత్రలు ఇక్కడ ఆగి ఆయన్ని మెచ్చుకుంటాయి. మెచ్చుకోవాల్సిందే. కానీ స్థానికులంటే ఎవరు? ఆ ముగ్గురూ సిరియన్ క్రైస్తవులు. కుల నిచ్చెనలో తమది పైమెట్టని చెప్పుకున్న సమాజం వారిది. అదే నేల మీద పులయ, పరయ కులాల నుంచి క్రైస్తవులైనవారికి విడి వరుసలు, విడి ప్రార్థనా మందిరాలు. విదేశీ, స్వదేశీ అన్న ఒక్క గీతే గీస్తే కులం గీత కనబడదు. తెల్లవాడి స్థానంలోకి వచ్చే భారతీయుడు దళితుడు కూడా కావచ్చన్న ఆలోచనకు ఆ ప్రణాళికలో చోటు కనిపించదు.

మొదటి దళిత ఆర్చిబిషప్ మారంపూడి జోజి హైదరాబాద్ పీఠానికి వచ్చింది 2000లో. అదే పీఠం నుంచి పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న తొలి దళిత కార్డినల్ అయ్యారు. క్యాండీ అభిషేకాల నుంచి లెక్కిస్తే 126 ఏళ్లు.