మెటఫర్ – రూపకం: ఒక నామకరణ చరిత్ర
1589లో లండనులో రచయిత పేరు లేకుండా వెలువడిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఇంగ్లిష్ పోయెసీ’ జార్జ్ పుటెన్‌హామ్ రచన అని పండితుల అభిప్రాయం. గ్రీకు, లాటిన్ రాని ఆస్థాన పాఠకుల కోసం ఆయన అలంకారాలకు దేశీయమైన పేర్లు పెట్టాడు. ఐరనీ ‘పొడి ఎగతాళి’ అయింది. హైపర్బొలీ ‘పెద్దగొంతు అబద్ధాలకోరు’ అయింది. మెటఫర్ ‘తరలింపు’ అయింది. ఆ పేర్లు నిలవలేదు. ఆంగ్లంలో నేటికీ గ్రీకు పదాలే వ్యవహారంలో ఉన్నాయి.

అయితే ‘తరలింపు’ అన్న పేరు మనకొక భేదాన్ని స్పష్టం చేస్తుంది. పుటెన్‌హామ్ దృష్టిలో మెటఫర్ అంటే పదాన్ని దాని సహజార్థం నుంచి మరొక అర్థానికి చేర్చడం. మన రూపకం ఉపమానోపమేయాలకు అభేదం చెప్పడం. అక్కడ ఉపమేయం వాచ్యంగానే ఉంటుంది. ‘ఆమె బంగారు తీగ’ అన్నది రూపకం. ఉపమేయం నిగీర్ణమై ఆమెనే ఉద్దేశించి ‘బంగారు తీగ నడిచి వచ్చింది’ అంటే రూపకాతిశయోక్తి. ఆంగ్లంలో రెండూ మెటఫర్లే. ‘ఊరంతా మేల్కొంది’ వంటి ప్రయోగాన్ని ఆంగ్లేయులు మెటానమీ పేరిట అలంకారాలలో చేర్చగా, మన శాస్త్రం దానిని లక్షణావృత్తి కింద చర్చించింది.

కాబట్టి మెటఫర్ అంటే రూపకమని పాఠం చెప్పడం అర్ధసత్యమే. ఆంగ్లాలంకారానికి తెలుగు పేరు పెట్టే ముందు రెండు శాస్త్రాల విభజన రీతిని పోల్చి చూడడం అవసరం.