పూబెల్ గారి మూడు పెట్టెలు

ఫ్రెంచివాళ్ళు చెత్తడబ్బాని 'పూబెల్' అంటారు. అది లాటిన్ నుంచి వచ్చిన మాటా కాదు, గ్రీకు నుంచి వచ్చిన మాటా కాదు. ఒక పెద్దమనిషి ఇంటిపేరు! వంశం పేరు నిలబెట్టు నాయనా అని పెద్దవాళ్ళు దీవిస్తూ ఉంటారు చూడండి, ఆయనగారి వంశం పేరు ఇదిగో, ఇలా నిలబడింది. రోజూ తెల్లవారేసరికి కోట్లమంది ఆ పేరు తలుచుకుంటారు. తలుచుకుని, మూత తీసి, ముక్కు మూసుకుంటారు. ఎగతాళికి అంటగట్టిన పేరే గానీ, ఆయన తలపెట్టిన పని మాత్రం ఎగతాళి చెయ్యదగ్గది కాదు. అపార్ట్‌మెంట్లలో కాపరాలు చేస్తూ, తడిచెత్త వేరు పొడిచెత్త వేరు చెయ్యడం లేదని నానా మాటలూ పడుతున్న మనం ఆ కథ ఒకసారి వినాలి.

యూజీన్ పూబెల్ 1831లో పుట్టాడు. లా చదివాడు, కొన్నాళ్ళు ఆ పాఠమే చెప్పాడు. తరవాత ప్రిఫెక్టు అయ్యాడు. ప్రిఫెక్టు అంటే మన జిల్లా కలెక్టరు లాంటి ఉద్యోగం. 1883లో ఆయన్ని పారిస్ నగరం ఉన్న సేన్ జిల్లాకి వేశారు. ఆ రోజుల్లో పారిస్‌కి మేయరు లేడు. ఇరవై లక్షలు దాటిన ఆ ఊరి మంచీ చెడ్డా చూసుకునే భారం ప్రిఫెక్టుదే.

ఆ జనంలో చాలామంది ఉండేది మేడల్లో. అంతకుముందు ప్రిఫెక్టుగా చేసిన ఓస్మాన్ 1853 నుంచి 1870 దాకా పాత ఊరిని చాలామటుకు పడగొట్టించి వెడల్పాటి వీధులు వేయించాడు. వాటి పొడుగునా ఐదారు అంతస్తుల మేడలు లేచాయి. అపార్ట్‌మెంటు కాపరం అంటే ఏమిటో మనకంటే వందేళ్ళ ముందే వాళ్ళకి అనుభవం. కింద దుకాణాలు. వీధి తలుపు పక్కన చిన్న గదిలో కాపలా మనిషి, తరచు ఆడమనిషే. ఆ పైన కలిగిన సంసారాలు. చిట్టచివర కప్పు కింద ఇరుకు గదుల్లో పనిమనుషులు. గొప్ప మేడలైతే ముందువైపు మెట్లు దొరలకి, వెనకవైపు మెట్లు పనివాళ్ళకి.

ఇన్ని ఆలోచించి కట్టినవాళ్ళకి ఒక్క సంగతి మాత్రం తోచలేదు. ఇన్ని వంటిళ్ళలోంచి రోజూ వచ్చే తుక్కు ఎక్కడికి పోవాలి? ఇంకెక్కడికి, వీధిలోకే! రాత్రిళ్ళు గుమ్మం ముందు గుమ్మరించేవారు. లాంతరూ, వీపున బుట్టా, చేతిలో కొక్కెమూ పట్టుకుని పాతగుడ్డలు ఏరుకునేవాళ్ళు వచ్చేవారు. గుడ్డపీలికలు కాగితం మిల్లులకి, ఎముకలు బొత్తాలు చేసేవాళ్ళకి అమ్ముకునేవారు. తెల్లవారాక బండి వచ్చి మిగిలింది ఎత్తుకుపోయేది.

1883 నవంబరు 24న పూబెల్ ఒక ఉత్తర్వు వేశాడు. 1884 జనవరి నుంచి అమలు. ప్రతి మేడ యజమానీ తన మేడలో కాపరం ఉన్నవాళ్ళకి మూత ఉన్న పెట్టెలు అమర్చాలి. అదీ ఒకటి కాదు, మూడు. కుళ్ళిపోయే వంటింటి చెత్తకి ఒకటి. కాగితాలకీ, గుడ్డపీలికలకీ ఒకటి. గాజుపెంకులకీ, పింగాణీ ముక్కలకీ, ఆల్చిప్పలకీ ఒకటి. ఆల్చిప్పలకి అంత మర్యాదేమిటని నవ్వకండి. పారిస్‌వాళ్ళకి వాటి మీద ఉన్న మోజు అలాంటిది. అదే ఉత్తర్వు మన కోనసీమలో వేస్తే అక్కడ 'కొబ్బరిచిప్పలు' అని రాసి ఉండేవారు.

ఊరు ఊరంతా ఆయన మీద పడింది. ఖర్చు మాకేమిటని మేడల యజమానులు. పెట్టెలు బయట పెట్టడం, లోపల పెట్టడం మా నెత్తిన పడిందని కాపలా వాళ్ళు. అందరికంటే గట్టిగా గోలపెట్టింది పాతగుడ్డలు ఏరుకునేవాళ్ళు. మూతపెట్టిన పెట్టె తిన్నగా బండిలోకి పోతే వాళ్ళు ఏమి ఏరుకుంటారు, ఏమి తింటారు? పత్రికలు వాళ్ళ పక్షం వహించాయి. ఆ రగడలోనే పెట్టెకి ఆయన పేరు అతుక్కుపోయింది. 1884లోనే ఉత్తర్వుని కొంత సడలించవలసి వచ్చింది. ఏరుకునేవాళ్ళ గోల న్యాయమైనదే అంటాను నేను. అంతకాలం ఊరి చెత్తని వేరు చేసిపెట్టింది వాళ్ళే. ఆ మాట ఉత్తర్వు రాసేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

సరే, పెట్టె నిలిచింది. మూడు పెట్టెల మాట మాత్రం నిలవలేదు. క్రమంగా అన్నీ ఒక్క పెట్టెలోకే చేరాయి. పారిస్ ఆడవాళ్ళకి బుద్ధి లేకనా? బద్ధకమా? నాకు అలా తోచదు. పూబెల్ గారు ఒక గొప్ప పని చేశాడు. ఉత్తర్వు ఇల్లాలి పేర కాకుండా మేడ యజమాని పేర రాశాడు. చెత్త సంగతి ఒక ఇంటి గుట్టు కాదు, మొత్తం కట్టడానికి సంబంధించిన విషయమని ఆయన కనిపెట్టాడు. కానీ పెట్టెలు వచ్చేసరికే మేడలు కట్టడం అయిపోయింది. వెనకవైపు ఇరుకు వంటింట్లో మూడు పెట్టెలకి చోటేదీ? పనిపిల్ల అవి పట్టుకుని చీకటి మెట్లన్నీ దిగాలి కదా, ఆ పిల్ల మూడు చేతులతో పుట్టలేదే!

ఇక్కడ మన పాత ఇళ్ళు గుర్తుకు తెచ్చుకోండి. చెత్త వేరు చెయ్యమని మన అమ్మమ్మలకి ఎవరూ ఉపన్యాసాలు చెప్పలేదు. బియ్యం కడుగూ, కూరల తొక్కలూ కుడితి గోలెంలోకి పోయేవి. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి. ఆకులూ అలమూ దొడ్డి చివర పెంటపోగులోకి, అక్కణ్ణుంచి బండి మీద పొలానికి. పాత పేపర్లు తూకానికి. పాతచీరలు స్టీలుగిన్నెల వాళ్ళకి, అదీ అరగంట బేరం ఆడాక! వాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళని కాదు. ఇల్లే అలా కట్టి ఉంది. ప్రతి వస్తువుకీ పోవడానికి ఒక దారీ, ఆగడానికి ఒక చోటూ ఉన్నాయి. ఆ పెంటపోగు ఎత్తిపోసిన చేతులు ఎవరివో, వాళ్ళకి ముట్టింది ఎంతో మనకి తెలుసు గనక, అదంతా స్వర్ణయుగమని నేననను. కానీ ఫ్లాటు అమ్మినాయన మనకి హాలిచ్చాడు, అటాచ్డ్ బాత్‌రూమ్ ఇచ్చాడు, బాల్కనీ ఇచ్చాడు, పెరడు మాత్రం మెల్లిగా తీసేసుకున్నాడు. ఆ పెరడు చేసే పని ఇక ఎవరు చెయ్యాలో చెప్పలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంజనీర్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. అదేమిటంటే గొట్టం. ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో 1938లో 'క్వారీ హిల్' అనే 938 ఫ్లాట్ల కట్టడంలోకి జనాన్ని దింపడం మొదలెట్టారు. మురికివాడ పడగొట్టి పేదలకి కట్టిన ఇళ్ళు అవి. ఆ ఇళ్ళలో వంటింటి తొట్టిలోనే ఒక పెద్ద కన్నం. ఉల్లిపొట్టు మొదలు ఖాళీ డబ్బాల దాకా అందులో పడేసి నీళ్ళు వదిలితే చాలు, గొట్టాల్లోంచి దొర్లుకుంటూ ఒక కేంద్రానికి చేరేవి. అక్కడ నీళ్ళు పిండి, చెత్త కాల్చి, ఆ వేడితో అందరి బట్టలూ ఉతికే లాండ్రీ నడిపేవారు. ఆ పద్ధతి గార్షే అనే ఫ్రెంచి ఆయనది. చెత్తకోసమని మెట్లు దిగకుండా ఒక ఆడమనిషి నడుముని కాపాడిన ఏర్పాటది, దాన్ని తీసిపారెయ్యలేం. ఆ కట్టడాన్ని మాత్రం 1970ల్లో పడగొట్టేశారు.

అనేక దేశాల్లో నీళ్ళు లేని మామూలు గొట్టం వచ్చింది. తలుపు తీసి పడేస్తే సర్రున జారి కింద తొట్టిలో పడుతుంది. సుఖమే! కాని గొట్టానికి ఒకటే గొంతుక. మజ్జిగా, న్యూస్‌పేపరూ, మందుసీసా, మిగిలిపోయిన పులుసూ అన్నీ అందులోనే కలిసి దిగుతాయి. పులుసు తగిలిన కాగితం ఎవరికీ పనికిరాదు. గాజుపెంకు కలిసిన తొక్కలు ఎరువుకి పనికిరావు. వేరుగా ఉంటే రెండూ సరుకే, కలిస్తే రెండూ చెత్తే. దాన్ని ఊరి చివర గుట్టపోస్తే, అడుగున గాలి ఆడక కుళ్ళి మీథేన్ వాయువు పుడుతుంది. ఆ గుట్టలు అంటుకుని రోజుల తరబడి పొగ చిమ్మడం మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

సింగపూర్ సంగతి చూడండి. 1960లో పెట్టిన హౌసింగ్ బోర్డు అక్కడి జనంలో ఎక్కువమందికి ఇళ్ళు కట్టి ఇచ్చింది. మొదట్లో ఫ్లాటు వంటింట్లోనే చెత్తగొట్టం. 1989 నుంచి కొత్త కట్టడాల్లో అంతస్తు మొత్తానికి కలిపి బయట ఒక గొట్టం పెట్టారు. 2014 నుంచి కట్టే కొత్త బోర్డు ఇళ్ళలో పక్కనే రెండో గొట్టం పెట్టడం మొదలెట్టారు. కాగితాలూ, సీసాలూ, డబ్బాలూ దాంట్లో వెయ్యాలి. 2018 నుంచి నాలుగంతస్తులు మించే కొత్త ప్రైవేటు ఫ్లాట్లకీ అదే నిబంధన. ఒక గొట్టం గొంతుకని రెండు చెయ్యడానికి పాతికేళ్ళు పైన పట్టింది. గోడలో గొట్టం కట్టాక మనసు మార్చుకోవడం, వంటింట్లో డబ్బా జరిపినంత సులువు కాదు మరి.

గొట్టం జోలికి పోకుండానే నెగ్గిన ఊరు ఇటలీలో మిలాన్. పదమూడు లక్షల జనం, ఎక్కువమంది ఫ్లాట్లలోనే. 2012 నవంబరులో ఊరిని భాగాలు చేసి ఒక్కొక్క భాగంలోనే మొదలెట్టి, 2014 నాటికి ఊరంతటా వంటింటి చెత్త విడిగా తీసుకోవడం అమలు చేశారు. ప్రతి ఇంటికీ గాలి ఆడే చిన్నడబ్బా, పది లీటర్లది. మట్టిలో కలిసిపోయే సంచీ అందులో పెట్టుకోవాలి. ప్రతి కట్టడానికీ చక్రాలున్న పెద్దడబ్బా, 120 లీటర్లది. ఆ పాత మేడలకి నడవాలు ఉన్నాయి గనక డబ్బాలు అక్కడ ఆగుతాయి, బండి వచ్చే రోజున కాపలా మనిషి బయటకి తోస్తాడు. తప్పు చేస్తే జరిమానా మొత్తం కట్టడానికి. ఆనాడు పూబెల్ తలుచుకున్నది ఇదే కదా! ఆయన మేడల్లో లేని చోటు మిలాన్ నడవాల్లో దొరికింది, అంతే తేడా.

మన దేశంలోనూ 2016లో చేసిన ఘనవ్యర్థాల నిబంధనల్లో ఒక మంచి మాట ఉండేది. చాలామంది కంట పడలేదు. రెండువందల ఇళ్ళు మించినా, స్థలం ఐదువేల చదరపు మీటర్లు మించినా, చెత్త వేరుచేసుకోవడానికీ, నిలవ పెట్టుకోవడానికీ, అక్కడే ఎరువు చేసుకోవడానికీ ప్లానులోనే విడిగా చోటు చూపించేలా చెయ్యాలన్నారు. 'ప్లానులోనే' అన్న ఆ ఒక్క మాటకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. అయితే మన బంధువుల్లో సగంమంది కాపరం ఉండేది ఇరవై ఫ్లాట్ల బిల్డింగుల్లో! వాటికి ఆ మాట వర్తించేది కాదు. చిన్న బిల్డింగులో చెత్త చోటంటే మెట్ల కింద చీకటే.

నిజానికి కావలసింది ఏమంత పెద్ద వ్యవహారం కాదు. వంటింట్లో సింకు కింద రెండు డబ్బాలు పక్కపక్కనే పట్టే చోటు. కింద నీళ్ళ సంపుకి దూరంగా, గాలీ వెలుతురూ వచ్చే ఒక గది, అందులో ఒక కుళాయి, కడిగిన నీళ్ళు పోవడానికి తూము. బండి గుమ్మం దాకా వచ్చే దారి. తొక్కలూ ఆకులూ ఎరువు కావడానికి నీడపట్టున తొట్లు. మన ఊళ్ళ చెత్తలో సగం దాకా కుళ్ళేదే గనక, అది అక్కడే ఆగితే బయటికి పోయే బరువు సగం తగ్గినట్టే. అన్నిటికంటే ముఖ్యం, చెత్త ఎత్తే మనిషి చేతులు కడుక్కుని, నిలబడి మంచినీళ్ళు తాగడానికి చోటు. పారిస్‌లో ఏరుకునేవాళ్ళని మరిచిపోయిన ఉత్తర్వు ఏమయిందో చూశాం కదా.

ఫ్రాన్సులో 2024 జనవరి 1 నుంచి వంటింటి చెత్తని వేరుగా ఇచ్చే ఏర్పాటు ఇంటింటికీ కల్పించాలని చట్టం అమలులోకి వచ్చింది. పూబెల్ గారి మొదటి పెట్టె తిరిగి వాళ్ళ గుమ్మంలోకి రావడానికి సరిగ్గా నూటనలభై ఏళ్ళు పట్టిందన్నమాట.

మనకి అంత ఓపిక ఎందుకు? ఫ్లాటు కొనడానికి వెళ్ళినప్పుడు ఈశాన్యం మూల ఏమొస్తుందో అడుగుతాం, పూజగది ఎటు తిరిగి ఉందో అడుగుతాం, మగవాళ్ళు కారు ఎక్కడ పెట్టాలో అడుగుతారు. ఈసారి బిల్డరు ప్లాను బల్ల మీద పరిచినప్పుడు, అరటితొక్క ఎక్కడ పెట్టాలి నాయనా అని కూడా అడగండి. అతను నవ్వుతాడు. నవ్వనివ్వండి, కానీ వేలు పెట్టి చోటు చూపించేదాకా కుర్చీలోంచి లేవకండి.