ఒకే చిలుం, రెండు ఖాతాలు

"గంజాయి వనంలో తులసి మొక్క" అన్న సామెత మనందరికీ తెలుసు. పొగాకు తోటలో తులసి మొక్క అని మాత్రం ఎవరూ అనరు. రెండూ పొగగా తాగే ఆకులే కదా, చెడ్డపేరు ఒక్కదానికే ఎందుకు?

వయసులో గంజాయే పెద్దది. అథర్వణవేదంలోనే 'భంగ' ప్రస్తావన ఉంది. అయితే అప్పట్లో దాన్ని నూరి తాగేవాళ్లు, లేదా తినేవాళ్లు. పొగ పీల్చే అలవాటు పొగాకు వచ్చాకే పాకిందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ పొగాకు పోర్చుగీసు ఓడల్లో వచ్చి, మొగల్ దర్బారు కన్నా ముందు దక్కన్‌లో కాలూనింది. 1604 ప్రాంతంలో, మన పాలమూరుకి పడమటనున్న బీజాపూర్‌కి రాయబారిగా వచ్చిన అసద్ బేగ్, ఇక్కడ దొరికిన ఈ వింత ఆకుని తీసుకెళ్లి అక్బర్ ముందు పెట్టాడు. వైద్యుడు వద్దంటున్నా పాదుషా కాసిని దమ్ములు లాగాడు. 1617లో జహంగీర్ పొగాకుని నిషేధించాడు. ఆ నిషేధం నిలవలేదు.

పొగ తాగడం నేర్పింది పొగాకు. గంజాయి నేర్చుకుంది. తర్వాత రెండూ ఒకే చిలుంలో కలిశాయి. 'దమ్ము' అన్న మాట రెండింటికీ సరిపోయింది.

1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గంజాయి విచారణ సంఘం వెయ్యికి పైగా సాక్షుల్ని అడిగి, మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, నిషేధం కన్నా పన్ను, లైసెన్సులే మేలనీ తేల్చింది. నిజాం రాజ్యంలోనూ గంజాయిది కల్లు, సారాలతో పాటు అబ్కారీ ఖాతానే. పొగాకు దారి మాత్రం ఫ్యాక్టరీ వైపు సాగింది. హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్లు చేసింది. అది కొనలేనివాళ్లకి బీడీ ఉంది. డ్యాములకీ కాలవలకీ వలసపోయిన పాలమూరు లేబర్‌కి "బీడీ తాగొస్త" అన్నదే మేస్త్రీ కాదనలేని సెలవు.

1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. గంజాయి పూత నేరమైంది. విడిగా ఉన్న ఆకుని, అంటే భంగుని, ఆ నిర్వచనం నుంచి వదిలేశారు. పొగాకు కిరాణా కొట్లోనే ఉండిపోయింది. 2019లో ఈ-సిగరెట్లని నిషేధించారు. నికోటిన్ కోసం వేప్ అమ్మితే నేరం, అదే నికోటిన్ సిగరెట్‌లో అమ్మితే వ్యాపారం.

ఇప్పుడు నల్లగొండ మీదుగా పోయే విజయవాడ హైవే మీద పోలీసులు ఆపి వెతికేది గంజాయి కోసమే. ఆ సరుకు దాటుకుని హాస్టల్ గదికి చేరాక జరిగేది పాత చిలుం కథే. సిగరెట్ ఖాళీ చేసి, అందులోని పొగాకులో గంజాయి కలిపి, మళ్లీ నింపుతారు.

ఒంటికి ఈ రెండు ఖాతాలు తెలీవు. పీల్చిన నికోటిన్ పది, ఇరవై సెకన్లలోపే మెదడుకి చేరుతుంది. రెండు గంటల్లో సగం దిగిపోయి మళ్లీ అడుగుతుంది. 2011లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం లెక్కలో, మొదలెట్టినవాళ్లలో ఎప్పటికైనా బానిసలయ్యేది గంజాయికి నూటికి 9 మంది, నికోటిన్‌కి 67 మంది. అంతమాత్రాన గంజాయి అమాయకురాలు కాదు. చిన్న వయసులో రోజూ తాగితే మతి చెదిరే ప్రమాదం పెరుగుతుంది.

కానీ "గంజాయి మానేశాను, సిగరెట్ ఒక్కటే" అని ఊపిరి పీల్చుకునే కుర్రాళ్లు మనలో చాలామంది. వాళ్లు వదిలింది చట్టం వెతికే ఆకుని. వాళ్లని వదలనిది, సామెతలోకి ఎక్కని ఆకు.